నా పేరున వచ్చిన ఎండ

జూన్ 3, మంగళవారం

ఉత్తరం వచ్చింది. కవరు మీద నా పేరు, లోపల నా పేరు, కింద సంతకం పెట్టాల్సిన గీత దగ్గరా నా పేరే. ఇంతమందిమి ఉన్నామని నాకే తెలియదు.

ఇంటి మీద సోలార్ పలకలు పెట్టుకునేవాళ్ళకు ప్రభుత్వం ఇచ్చే సాయం మంజూరైంది. ఖర్చులో సగానికి పైగా వాళ్ళే పెట్టుకుంటారు. దరఖాస్తు పెట్టి పదకొండు నెలలైంది. ఇక రాదని నేనే దాని ఊసెత్తడం మానేశాను.

సంతోషంగా ఉంది. ఎంత సంతోషమో ఎవరికీ చెప్పలేదు. కాలిపోయిన మోటార్లు విప్పి, మాడిన తీగ పీకేసి, కొత్త రాగి తీగ చుట్టడం నా పని. తీగ చేత్తో చుట్టుకోవచ్చు గానీ, వార్నిష్ ఆరబెట్టే హీటరుకూ మోటారు తిప్పి చూసే బల్లకూ కరెంటు కావాలి. పొద్దుట పోతే ఏ మధ్యాహ్నానికో వస్తోంది. పోయినేడు నా దగ్గరికి వచ్చేవాళ్ళలో సగంమంది వేరే షాపులు చూసుకున్నారు. ఇంకో ఏడాది ఇలాగే నడిస్తే షట్టరు దించేసి పైన తమ్ముడింట్లో ఒక మూల కూర్చోవాలి. ఈ మాట నోటితో ఎక్కడా అనలేదు. ఇక్కడ రాసుకుంటున్నాను, అంతే.

ఉత్తరంలో నాలుగో షరతు: ముప్పై రోజుల్లోగా పలకలు బిగించాలి, లబ్ధిదారు స్వయంగా వాటి పక్కన నిలబడి ఉండగా అధికారి ఫొటో తీయాలి. పై వాటా దాకా మెట్లున్నాయి గానీ, అక్కణ్ణుంచి పైకప్పుకు లేవు. గోడకు బిగించిన ఇనుప నిచ్చెన ఒకటే ఉంది, పద్దెనిమిది మెట్లు. నా ఎడమకాలు నాలుగేళ్ళప్పుడు వచ్చిన జ్వరానికి చచ్చుబడింది. అప్పట్నుంచి చంకకర్రే.

తమ్ముడు పైనుంచి దిగివచ్చి చదివాడు.

"ఈ నాలుగోది ఎలాగక్కా?"

"ఎలాగోలా."

"సరేలే, నేను చూసుకుంటాను. నువ్వు బుర్ర పాడుచేసుకోకు."

తమ్ముడు మంచివాడు.

జూన్ 4

రెండు ఫ్యాన్లు, ఒక గ్రైండరు. పొద్దున్నంతా కరెంటు లేదు.

జూన్ 5, గురువారం

మధ్యాహ్నం వీధిలో ఎవరూ లేనప్పుడు నిచ్చెన ఎక్కి చూశాను. చేతుల్లో బలానికి లోటు లేదు. నలభై ఏళ్ళుగా కర్ర మీద నడిచినవీ, తీగ లాగినవీ ఈ చేతులే. చేతులతోనే ఒళ్ళు లాక్కుంటూ మూడు మెట్లు ఎక్కాను. నాలుగోదానికి కుడికాలు ఎత్తాలంటే ఎడమకాలి మీద నిలబడాలి. అది నిలబడే కాలు కాదు.

దిగి నేలమీద కూర్చుని నవ్వుకున్నాను.

నవ్వుకోలేదు. కాసేపు కూర్చున్నాను.

జూన్ 6, శుక్రవారం

తమ్ముడు ఒక కాగితం తెచ్చాడు. సాయాన్ని ఒకరి పేరునుంచి ఇంట్లోనే ఇంకొకరి పేరుకు మార్చే ఫారం. తను నిచ్చెన ఎక్కుతాడు, ఫొటోలో నిలబడతాడు, ఎండ మాత్రం ఇద్దరం వాడుకుంటాం. "పేరుదేముందక్కా, కరెంటు వస్తే చాలు కదా" అన్నాడు.

నిజమే. పేరుదేముంది.

చదువుదామంటే కళ్ళజోడు బల్ల మీద ఉండిపోయింది. నాన్న పోయినప్పట్నుంచి ఇంటి కాగితాలన్నీ వాడే చూస్తున్నాడు. సంతకం పెట్టేశాను.

జూన్ 9, సోమవారం

పలకలు బిగించే ఫిట్టరు కొలతలకు వచ్చాడు. పైకెక్కి దిగాడు. దుమ్ము దులుపుకుంటూ, "పై వాటాకి వైరింగు గీసుకున్నానండి" అన్నాడు.

"మరి కిందకి?"

"కింద సంగతి మీ తమ్ముడుగారు ఏమీ అనలేదండి."

చెప్పడం మరిచిపోయి ఉంటాడు. వాడికి పనులెక్కువ. సాయంత్రం అడుగుదామనుకున్నాను. మెట్ల మీద ఎదురుపడ్డాడు కూడా. ఎందుకో వాన పడేట్టుందా అని అడిగాను.

జూన్ 10

అడగలేదు.

జూన్ 11

అడగలేదు. మంచివాడు, వాడే చెబుతాడు.

జూన్ 12, గురువారం

ఆఫీసునుంచి ఫోను. ఆడమనిషి గొంతు. ఒళ్ళో సగం చుట్టిన మోటారు ఉంది, స్పీకరులో పెట్టాను.

"పేరు మార్పు ఫారం మీద సంతకం మీదేనా అండీ?"

"నాదే."

"కారణం అన్న గడిలో రాసింది చదువుతాను, అవునో కాదో చెప్పండి. 'లబ్ధిదారు వికలాంగురాలు, ఏ పనీ చేయలేరు, వృత్తి లేదు, అన్నిటికీ తమ్ముడి మీదే ఆధారపడి ఉన్నారు.' ఇంకా కింద, ఇంటి పైకప్పు మీద తనకేమీ హక్కు లేదని ఒప్పుకుంటున్నట్టు ఉంది. అవునా అండీ?"

చేతిలో తీగ నలభై రెండో చుట్టు దగ్గర ఉంది. నలభై మూడు, నలభై నాలుగు చుట్టాను. చుట్టు వదిలేస్తే మళ్ళీ మొదటికి రావాలి కదా. యాభై పూర్తిచేసి అప్పుడు మాట్లాడాను.

"రేపు నేనే వస్తాను. అప్పటిదాకా ఆ కాగితం కదపకండి."

ఇరవై ఆరేళ్ళుగా ఈ చేతులు తిప్పని మోటారు ఈ చుట్టుపక్కల లేదు. వృత్తి లేదట. అరికాలి మంట నెత్తికెక్కింది, బాగున్న కాలిదే.

ఒకటి మాత్రం నిజం రాసుకోవాలి. ఆ రోజు కళ్ళజోడు చెయ్యి చాపితే అందేంత దూరంలోనే ఉంది.

జూన్ 13, శుక్రవారం

రెండు బస్సులు మారి వెళ్ళాను. ఆఫీసు రెండో అంతస్తులో ఉంది. నడవలేనివాళ్ళ పనులు చూసే కౌంటరు కూడా అదే అంతస్తు. లిఫ్టు బాగుచేయిస్తున్నారని కాగితం అంటించి ఉంది, ఆ కాగితమే పచ్చబడిపోయింది. మోటారు కాలిపోయి ఉంటుంది, నాకిస్తే రెండురోజుల పని. మెట్ల మీద కూర్చుని ఒక్కోటీ వెనక్కి జరుగుతూ ఎక్కాను. చూసేవాళ్ళు చూశారు.

ఫోను చేసినావిడ నన్ను చూడగానే లేచి నిలబడింది. కిందికి పిలిస్తే నేనే వచ్చేదాన్ని కదా అని ఆమె నొచ్చుకుంది. నొచ్చుకోవద్దు, ఫారం ఇవ్వండి అన్నాను. చింపడానికి వీల్లేదట, రికార్డట. చింపనన్నాను. వాడు రాసినదాని మీదుగా ఇటు చివరనుంచి అటు చివరిదాకా రాశాను: "ఇది నేను రాయలేదు. చదవకుండా సంతకం పెట్టాను, అది నా తప్పు. రాసింది మాత్రం అబద్ధం. నేను మోటారు వైండింగ్ చేస్తాను." కింద మళ్ళీ సంతకం పెట్టాను. ఈసారి కళ్ళజోడు పెట్టుకుని.

కౌంటరావిడ చదివి ముద్ర వేసింది. "మరి ఫొటో? పైకప్పు మీద నిలబడాలి కదండీ."

"పైకప్పు అంటే ఏమిటో మీ పుస్తకంలో ఎలా రాశారు?"

వెతికింది. 'లబ్ధిదారు నివసించే లేక పనిచేసే కట్టడం పైకప్పు, అదే పేరున కరెంటు మీటరు ఉండాలి.' ఇద్దరం మొహమొహాలు చూసుకున్నాం. పనిచేసే కట్టడం అంటే షాపు. నా షాపు మీద రేకుల కప్పు ఉంది. ఇంటికి ముందువైపు నా సంపాదనతో నేను వేయించుకున్నది, వీధి వైపు అంచు ఏడడుగుల ఎత్తు. షాపుకు నా పేరున మీటరు కోసం కాళ్ళరిగేలా తిరిగినదాన్ని నేనే. నా విషయంలో అది ఒట్టి మాట కాదు, రెండు కర్రలు అరిగాయి.

"చోటు మార్చమని ఒక అర్జీ రాయండి" అంది. "నీడ పడదని చూపించాలి మరి."

చూపిస్తాను.

జూన్ 14, శనివారం

తమ్ముడు షట్టరు తీయకముందే వచ్చాడు. ఆఫీసువాళ్ళు వాడికీ ఫోను చేశారు.

"పరువు తీశావక్కా. ఊరికే రాశానది. కారణం గట్టిగా లేకపోతే వాళ్ళు మార్చరు."

"ఊరికే రాసినదాని కింద నా సంతకం ఉంది."

"పెట్టింది నువ్వే కదా."

పెట్టాను. షట్టరు తాళం తీయడానికి వంగాను. అది చూసి వాడికి ధైర్యం వచ్చింది.

"అసలు పైకప్పు నా వాటాకే వస్తుంది. నాన్న చెప్పాడు."

"ఎప్పుడు చెప్పాడు?"

"నువ్వు లేనప్పుడు."

"నేను లేనిదెప్పుడురా? నేనెక్కడికి పోయాను?"

మేడ మెట్ల వైపు చూశాడు. నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. వీడు నా వెనకే తిరుగుతూ పెరిగాడు. స్కూల్లో నన్ను వెక్కిరించినవాణ్ణి కొట్టి చొక్కా చించుకొచ్చినవాడు వీడే. అలాంటివాడు, పనిచేయలేనిదని అంత అందమైన దస్తూరితో ఎలా రాశాడా అని నిన్నంతా ఆలోచించాను. ఎక్కడా కొట్టివేత కూడా లేదు. వాడు నిజంగానే అలా అనుకుంటున్నాడేమో. ప్రేమగానే అనుకుంటున్నాడేమో. దానికి ఇంకా ఎక్కువ ఒళ్ళు మండింది.

"పైకప్పు నువ్వే ఉంచుకో. నాకు నా రేకులు చాలు" అన్నాను.

"ఆ రేకుల మీద మధ్యాహ్నానికే ఇంటి నీడ పడుతుంది. ఏం వస్తుంది నీ మొహం?"

నా మొహం సంగతి నేను చూసుకుంటాను.

జూన్ 16, సోమవారం

నీడ పట్టుకుంటున్నాను. గంటకోసారి రేకు మీద ఎండ ఎక్కడిదాకా ఉందో చూసి, కర్ర చివర సుద్దముక్క కట్టి, రేకు అంచు మీద గీత పెడుతున్నాను. పక్కన గంట అంకె. ఎదురు షాపు మంగలి గడ్డం సగం గీసి వదిలేసి వచ్చి అడిగాడు, "ఏంటమ్మా, రేకులకి ముగ్గేస్తున్నారా?" నీడకి బట్టలు కుట్టడానికి కొలతలు తీసుకుంటున్నానన్నాను. కుర్చీలోని మనిషి సగం గడ్డంతోనే నవ్వాడు.

జూన్ 17

మబ్బు. గీతలు లేవు. తమ్ముడు మేడ మీదనుంచి ఆకాశం వైపు చూసి ఈల వేశాడు.

జూన్ 18, బుధవారం

ఉదయం ఏడున్నరనుంచి ఒకటింపావు దాకా నీడ లేదు. తర్వాత ఇంటి నీడ మొదలై మూడుకు మొత్తం కప్పేస్తుంది. నాకు హీటరు కావలసింది పొద్దునే. మోటార్లు పరీక్షించేదీ పొద్దునే. మిగిలింది బ్యాటరీలో పడుతుంది. తీగ చుట్టడానికి సాయంత్రం వెలుతురు చాలు.

వాడు చెప్పింది తప్పు కాదు. సగం రోజే. నాకు సగం రోజు చాలు.

జూన్ 19, గురువారం

మరదలు వచ్చింది. వాడు ఇంట్లో లేని సమయం చూసుకుని వచ్చింది. గ్లాసుతో టీ తెచ్చింది. సుద్ద గీతల కాగితం చూస్తూ చాలాసేపు నిలబడింది.

"ఆ ఫారం రాసేటప్పుడు నేను పక్కనే ఉన్నాను వదినా. అలా రాయకండి అన్నాను."

"గట్టిగా అన్నావా?"

"లేదు."

"నేనూ చదవలేదు. ఇద్దరిదీ ఒకటే గుడ్డితనం."

ఆమెకు కళ్ళనీళ్ళు తిరిగాయి. నాకు తిరగలేదు. తిరిగితే రాసుకునేదాన్ని.

జూన్ 24, మంగళవారం

గీతల కాగితం జతచేసి పంపిన అర్జీకి చోటు మార్పు అనుమతి వచ్చింది. తొమ్మిది రోజులే ఉన్నాయి. ఫిట్టరుకు ఫోను చేస్తే వచ్చే నెల అన్నాడు. అతని నీళ్ళపంపు మోటారు రెండేళ్ళ కిందట ఆదివారంపూట చుట్టి ఇచ్చింది ఎవరో గుర్తుచేశాను. సోమవారం అన్నాడు.

జూన్ 27

తమ్ముడు మాట్లాడటం లేదు. నేనూ మాట్లాడటం లేదు. మెట్ల దగ్గర ఎదురైతే ఇద్దరం గోడలో ఏదో చాలా ముఖ్యమైనది కనపడినట్టు చూస్తున్నాం.

వాడు చిక్కాడు. చిక్కితే నాకేం.

జూన్ 30, సోమవారం

మూడు పలకలు బిగించారు. రేకుల కింద ఇనుప దూలాలకే పట్టీలు వేయించాను, గాలికి లేవకుండా. కింది పలక అంచు వీధి వైపు కొద్దిగా బయటికి రావాలన్నాను. ఎందుకండీ అన్నాడు ఫిట్టరు. నా చెయ్యి ఎంత దూరం పోతుందో చూపించాను. తుడుచుకోవడానికి కూడా ఎవరినీ బతిమాలనక్కర్లేదు, కర్రకు గుడ్డ కట్టుకుంటే చాలు.

బిగించాక వీధిలో నిలబడి చూశాను. చిన్నవే. ఇంత చిన్నవాటికి ఇంత గొడవా అనిపించింది. మళ్ళీ చూశాను. చిన్నవేం కాదు.

జూలై 2, బుధవారం

తనిఖీ అధికారి వచ్చాడు. పొట్టిగా, చమట తుడుచుకుంటూ, వచ్చీరాగానే నిచ్చెన వైపు నడిచాడు. అలవాటు కాబోలు. అటు కాదు, ఇటు అన్నాను. రేకుల వంక చూసి చమట తుడుచుకోవడం ఆపేశాడు.

"దీని మీద ఎవరు నిలబడతారమ్మా?"

"ఎవరూ నిలబడక్కర్లేదు. పక్కన నిలబడాలని రాశారు, పైన అని రాయలేదు."

"ఇది పక్కన కాదు, కింద."

"చేతికి అందేది పక్కనున్నట్టే కదండీ. అందుతుంది చూడండి."

అప్పుడు పైనుంచి తమ్ముడి గొంతు. రెండు వారాల తర్వాత విన్న మొదటి మాట అది. "సార్, ఆ షెడ్డు ఇంటి ప్లానులో లేదు."

వీధి మొత్తం మేడ వైపు చూసింది. మంగలి కత్తెర ఆగింది. నాకు తల కొట్టేసినట్టయింది. అధికారి తమ్ముణ్ణి చూశాడు, నన్ను చూశాడు. షాపు మీటరు పెట్టె తెరిచి, నంబరు తన కాగితంలో పోల్చుకున్నాడు.

"మీటరు ఈవిడ పేరునే ఉందండీ. మాకు కావలసింది అదే" అని పైకి చెప్పి, గొంతు తగ్గించి నాతో అన్నాడు, "అమ్మా, ఎందుకొచ్చిన తంటా. ఫొటోకి మాత్రం ఆయన్ని స్టూలెక్కి పట్టుకోమనండి. పేరు మీదే ఉంటుంది."

"వాడు నిలబడితే ఫొటోలో వాడుంటాడు. తర్వాత చూసినవాళ్ళకి నేను లేనట్టే."

కర్ర గోడకు ఆనించాను. కర్ర పట్టుకుంటే పలక పట్టుకోవడానికి చెయ్యి చాలదు. కుడికాలి మీద బరువంతా వేసి, ఒక చెయ్యి గుంజకు ఆనించి, రెండో చెయ్యి పైకి చాచాను. వేళ్ళు అంచుకు తగిలాయి. అద్దం కాలుతోంది. వదల్లేదు.

మరదలు మెట్లమీదనుంచి పరుగున వచ్చి నా నడుం పట్టుకోబోయింది.

"దూరంగా ఉండు. ఫొటోలోకి రాకు" అన్నాను.

ఆగిపోయింది. చేతులు చాచి అలాగే నిలబడింది, పడితే పట్టుకోవడానికి. అధికారి నేనూ పలకా మీటరూ ఒకే ఫొటోలో పట్టేదాకా వెనక్కి వెనక్కి నడిచి మంగలి షాపులోకి పోయాడు. మొదటిది కదిలిందన్నాడు. రెండోదానికి ఎవరో సైకిలు అడ్డం వచ్చింది. కాలు వణకడం మొదలుపెట్టింది. మూడోదానికి బాగుందన్నాడు. ఇంకోటి తీయండి, తర్వాత బాగాలేదనకూడదు అన్నాను. తీశాడు.

తర్వాత స్టూలు మీద కూర్చున్నాను. ఫారం నింపుతూ అధికారి అడిగాడు.

"వృత్తి?"

పైకి వినపడేట్టు చెప్పాను. అంత గట్టిగా చెప్పాల్సిన పనిలేదు, ఆయన అడుగు దూరంలోనే ఉన్నాడు.

జూలై 3

కుడికాలు ఎత్తలేకపోతున్నాను. నాకేం కాలేదు.

జూలై 14, సోమవారం

సాయం ఖరారైందని ఉత్తరం. నా పేరు. మోటార్లు తెచ్చేవాళ్ళు మళ్ళీ వస్తున్నారు. హీటరు పొద్దున్నే వేడెక్కుతోంది. ఇవాళ పది గంటలకు వీధి అంతటా కరెంటు పోయినప్పుడు నా బల్ల మీద మోటారు తిరుగుతూనే ఉంది. దాని చప్పుడు ఒక్కటే వినిపించింది. మంగలి వచ్చి గుమ్మంలో నిలబడి చాలాసేపు విన్నాడు.

జూలై 21, సోమవారం

ఎండ బాగా కాస్తోంది. తొమ్మిదింటికి కరెంటు పోయింది, పదకొండైనా రాలేదు. తమ్ముడు దిగివచ్చాడు. మోటార్లు తెచ్చేవాళ్ళు కూర్చునే స్టూలు మీద కూర్చున్నాడు. లేచాడు. మళ్ళీ కూర్చున్నాడు.

"నీ మరదలికి జ్వరం అక్కా. పైన ఉక్కపోత."

"ఎన్నాళ్ళనుంచి?"

"నిన్నట్నుంచి."

"నిన్ననే చెప్పొచ్చు కదా."

బల్ల మీద విప్పిన మోటారుకేసి చూస్తున్నాడు. అందులో తీగ ఎలా పోతుందో వాడు ఎప్పుడూ అడగలేదు, ఇవాళ కూడా అడగలేదు. అటే చూస్తూ అన్నాడు.

"ఆ ఫారం నేనలా రాయకూడదక్కా."

"రాయకూడదు."

ఇంకేమైనా అంటానని ఎదురుచూశాడు. ఫర్వాలేదులే అనడం నాకు అలవాటు. చిన్నప్పట్నుంచి వాడికి ఆ మాట ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. ఇవాళ నాలిక చివరిదాకా వచ్చింది. అనలేదు. కోపం పోలేదు. పోయిందని రాసుకుంటే ఈ పుస్తకంలో కూడా అబద్ధం రాసినట్టే. వాడంటే ప్రేమ కూడా పోలేదు, అదీ రాసుకోవాలి.

తీగ చుట్ట తీసి, కిటికీ మీదుగా పైకి ఒక లైను లాగించాను. వాడే నిచ్చెనెక్కి, నేను చెప్పినచోటల్లా బిగించాడు. ఒక ఫ్యానుకు, ఒక లైటుకు సరిపోతుంది. కనెక్షను నేనిచ్చాను. పైన ఫ్యాను తిరిగిన చప్పుడు వినిపించింది, మరదలు "వచ్చింది వదినా" అని పిలిచింది.

కిందికి దిగి వాడు గది అంతా చూశాడు.

"దీనికి స్విచ్ ఎక్కడ పెట్టావక్కా?"

నా బల్ల పక్కన, నా కుడిచేతి వైపు పెట్టాను.